చట్టం చూసిన పెళ్లి, చూడని పురుడు

పందొమ్మిదో శతాబ్దపు తెలుగు ఆడవాళ్ల కష్టాలు అనగానే ముందు రాజమండ్రి గుర్తొస్తుంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం, తల గొరిగించుకుని మూలగదిలో కూర్చున్న బాలవితంతువు, డబ్బు తీసుకుని తండ్రి ముసలివాడికి కట్టబెట్టిన పసిపిల్ల. ఈ బొమ్మల్లో అబద్ధం లేదు. కానీ ఇవి గోదావరి ఒడ్డున, అగ్రహారాల మధ్య గీసిన బొమ్మలు. అదే 1881లో జనాభా లెక్కలు తీస్తే రాయలసీమలోని కర్నూలు జిల్లాలో పదేళ్ల కిందట ఉన్న జనంలో సుమారు నాలుగో వంతు తగ్గిపోయి ఉన్నారు. రాజమండ్రిలో పెళ్లిపందిరి మీద గొడవ నడుస్తున్నప్పుడు ఇక్కడి పల్లెల్లో కరువు మిగిల్చిన పాడు కొంపలు ఇంకా నిలబడే ఉన్నాయి. సీమలో పెళ్లి వేరే లెక్క మీద నడిచింది, వైధవ్యం వేరే దారిన వచ్చింది. అందరు ఆడవాళ్లకూ ప్రాణాల మీదికి తెచ్చిన పురుడు మాత్రం సంస్కర్తల ఉపన్యాసాల్లోనూ, సర్కారు చట్టాల్లోనూ పెద్దగా చోటు సంపాదించుకోలేదు.

కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు 1800లో నిజాం చేతి నుంచి కంపెనీ చేతికి వచ్చాయి. అప్పటినుంచి 1807 దాకా థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి, శిస్తును నేరుగా రైతు దగ్గరే వసూలు చేసే రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. కర్నూలు నవాబును 1839లో దించేసి ఆ సీమనూ కలుపుకున్నారు. అనంతపురం 1882లో బళ్లారి నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. చరిత్ర పుస్తకాల్లో ఇది సరిహద్దుల కథ. ఇంట్లో ఉండే ఆడమనిషికి తగిలింది మాత్రం వానా, శిస్తూ. అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 55 సెంటీమీటర్లు. చెరువు కింద నాలుగు మళ్లు ఉన్న ఊళ్లు తప్ప మిగతాదంతా మెట్ట. జొన్న, కొర్ర, సజ్జ, పత్తి. ఆ సేద్యంలో కలుపు తీయడం, పత్తి ఏరడం, కంకులు కోయడం, కల్లంలో తూర్పార పట్టడం చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదే నడిచాయి. పొలం పనికి ముందు విసుర్రాయి, తర్వాత దూరపు బావి నుంచి నీళ్లు. తెల్లవారకముందే జొన్నలు విసిరితేనే ఆ పూట సంగటి.

కోడలంటే ఇంటికి వచ్చే రెండు చేతులన్న సంగతి ఇక్కడి పెళ్లి లెక్కల్లోనే కనిపిస్తుంది. సేద్యం చేసే కులాల్లో, బోయ, కురుబ, మాల, మాదిగ ఇళ్లల్లో మగపెళ్లివాళ్లు పిల్ల తండ్రికి ఓలి కట్టేవాళ్లు. బ్రాహ్మణ ఇళ్లలో కన్యాశుల్కం అన్నది వేరే సంగతి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల శుల్క వివాహాల జాబితా తయారు చేయిస్తే 1,034 పెళ్లిళ్లు తేలాయి. వాటిలో ఏడాది నిండిన పిల్లలు కూడా ఉన్నారు. అక్కడ డబ్బు పసితనానికి పలికిన ధర. మెట్ట సీమలో ఓలి పని చేసే ఒంటికి పలికిన ధర. రెండోది మెరుగనిపించవచ్చు. ఆడపిల్ల పుడితే భారమనుకోని చోట ఆమెకు కొంత విలువ ఉంటుందన్న మాటలోనూ నిజం ఉంది. అయితే ఆ సొమ్ము చేరింది తండ్రికి. కొట్టే మొగుణ్ని వదిలి పుట్టింటికొస్తే కులపంచాయితీలో మొట్టమొదట లేచే ప్రశ్న ఓలి ఎవరు తిరిగి కడతారన్నదే. తండ్రి దగ్గర ఆ డబ్బు ఎప్పుడో అయిపోయి ఉండేది. ఎద్దు కొన్నాడో, కొడుక్కి ఓలి కట్టాడో. మళ్లీ కట్టేవాడు, అంటే రెండో మొగుడు, దొరికితే తప్ప ఆమెకు విడుదల లేదు.

మేనరికం ఇంకో ముడి. అక్క కూతుర్ని చేసుకోవడం, మేనమామ కొడుక్కివ్వడం సీమలో ఇప్పటికీ వినబడే సంగతే. పిల్ల పరాయి ఇంటికి పోలేదన్న ధీమా అందులో ఉంది. అత్త తన సొంత అమ్మమ్మో, మేనత్తో కావడం వల్ల కొంత ఆప్యాయతా దొరికేది. అదే ముడి ఫిర్యాదుకు దారి లేకుండానూ చేసింది. మొగుడు తల్లికి తమ్ముడైతే ఆమె ఎవరి మీద ఎవరికి చెప్పుకోవాలి? పుట్టిల్లు, మెట్టినిల్లు ఒకటే అయినచోట పారిపోయి చేరడానికి మరో ఇల్లుండదు. అక్క కూతురి పెళ్లిలో వయసు తేడా కూడా తరచుగా ఎక్కువే. ఆ తేడా కొన్నేళ్ల తర్వాత వైధవ్యంగా తిరిగొచ్చేది.

పెళ్లి వయసు విషయంలో కులాల మధ్య తేడా పెద్దది. బ్రాహ్మణ, కోమటి ఇళ్లల్లో సమర్త కాకముందే పెళ్లి జరిగిపోవాలి. కాపు, బోయ ఇళ్లల్లో చాలామందికి ఈడొచ్చాకే. అయినా కలిగిన కుటుంబాలు పైవాళ్ల ఆచారం అందుకుంటున్న కొద్దీ వయసు కిందికి దిగుతూ వచ్చింది. 1860 శిక్షాస్మృతి పదేళ్ల లోపు భార్యతో కాపురం నేరమంది. 1890లో కలకత్తాలో పది పదకొండేళ్ల ఫూల్‌మణి మొగుడి చేతిలో చనిపోయిన కేసు విచారణకొచ్చి, ఆ వయసుకు చట్టం రక్షణ లేదని తేలింది. దాంతో 1891 మార్చిలో హద్దును పన్నెండుకు పెంచారు. సమర్తయిన పదహారు రోజుల్లోపు గర్భాధానం, అంటే తొలి కలయిక, జరగాలన్న శాస్త్రాన్ని సర్కారు కాలరాస్తోందని మద్రాసులోనూ పెద్ద అల్లరే జరిగింది. ఆ అల్లరిని పక్కన పెట్టి చూస్తే చట్టం చేసిన పని స్వల్పం. పుట్టిన తేదీ కాగితం మీద లేని ఊళ్లో పదకొండా, పదమూడా అన్నది తేల్చేదెవరు? ఫిర్యాదు చేయాల్సిన పిల్ల అదే ఇంట్లో అన్నం తినాలి. 1901 లెక్కల్లో కూడా కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో చదవగలిగిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు లేరు.

ఇంగ్లీషు న్యాయం మొగుడికి ఇంకో ఆయుధం కూడా ఇచ్చింది. కాపురానికి రాని భార్య మీద దావా వేసే హక్కు. బొంబాయిలో రఖ్మాబాయికి 1887లో కోర్టు చెప్పింది ఇదే. మొగుడింటికి వెళ్లు, లేదంటే ఆరు నెలలు జైలు. జైలుకే పోతానని ఆమె నిలబడింది. చదువు, డబ్బు, పత్రికలు వెనకున్న మనిషి గనక 1888లో రాజీతో బయటపడింది. గుత్తి తాలూకాలో ఒక రైతు కూతురికి ఆ తెగువ ఉన్నా వెనక నిలబడే పత్రిక ఉండేది కాదు.

వైధవ్యం దగ్గర ఆగి చూడాలి. సంస్కర్తల కథ ఇక్కడే ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది.

బాలవితంతువు దుస్థితి సీమకు కొత్త కాదు. తరిగొండ వెంగమాంబ (1730–1817) పుట్టిన ఊరు వాయల్పాడు తాలూకాలోది. ఆ తాలూకా 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలో భాగం. చిన్నప్పుడే భర్త పోయిన ఆమె తల గొరిగించుకోనంది. పుష్పగిరి పీఠాధిపతి ముందు పంచాయితీ నడిచిందనీ, ఆయన కూడా ఆమెను లొంగదీయలేకపోయాడనీ జనం చెప్పుకుంటారు. చివరికి ఆమె తిరుమల చేరి కావ్యాలు రాసుకుంటూ బతికింది. కందుకూరి పుట్టడానికి చాలాముందే ఒక ఆడమనిషి తన నెత్తి మీది వెంట్రుకల కోసం ఊరితో తలపడిందన్నమాట. అయితే ఆమెకు దొరికిన దారి భక్తి ఒక్కటే. పెళ్లి, పిల్లలు అన్న దారి మూసే ఉంది. దేవుడి భార్యగా ఒప్పుకున్న ఊరు ఆమెను ఇంకో మనిషి భార్యగా ఒప్పుకునేది కాదు.

ఇక ఆస్తి సంగతి. ఉమ్మడి కుటుంబంలో మొగుడు పోతే ఆమెకు మిగిలేది మనోవర్తి. తిండీ, బట్టా, ఉండటానికి చోటు. అదీ మరుదుల దయ మీద, నడవడి మీద మచ్చ పడనంత కాలం. మచ్చ పడిందో లేదో చెప్పేది ఆమె వాటా మిగుల్చుకోవాలనుకునే మనుషులే. మొగుడు విడిపోయి ఉండి, కొడుకులు లేకుండా చనిపోతే ఆస్తి ఆమెకొస్తుంది, బతికున్నంత కాలం అనుభవించడానికి. అమ్ముకోవడానికి వీల్లేదు. 1937 దాకా ఇదే పరిస్థితి.

కింది కులాల్లో మారుమనువు ఉండేది. పందిరి, బాజాలు ఉండవు. రాత్రిపూట, ముత్తయిదువులు ఎదురు రాకుండా, కొత్త చీర పెట్టి నలుగురు పెద్దల ముందు తేల్చే పెళ్లి. తొలి పెళ్లికున్న గౌరవం దీనికి లేదు, అట్లా కాపురం చేసినామె శుభకార్యాల్లో వెనక వరసలోనే నిలబడాలి. అయినా అన్నం పెట్టే ఇల్లు దొరికేది, పుట్టిన పిల్లలకు తండ్రి ఉండేవాడు. 1856 వితంతు వివాహ చట్టం వచ్చినప్పుడు దీని అవసరం వాళ్లకు లేదు. కానీ ఆ చట్టం రెండో సెక్షన్లో ఒక మెలిక ఉంది. మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువు మొదటి మొగుడి ఆస్తి మీద హక్కు వదులుకోవాలి. కులాచారం ప్రకారం ఎప్పటినుంచో మారుమనువు ఉన్నవాళ్లకు కూడా ఈ నష్టం తప్పదని మద్రాసు హైకోర్టు 1877లో ఒక మరవ కులపు కేసులో తీర్పిచ్చింది. అలహాబాదు కోర్టు ఇందుకు భిన్నంగా చెప్పింది గానీ మనకు వర్తించింది మద్రాసు మాటే. అగ్రకులాల వితంతువుకు మేలు చేయడానికి తెచ్చిన చట్టం వల్ల ఆమెకు ఒరిగింది తక్కువ. పెళ్లి చేసుకోవడానికి ధైర్యం చేసినవాళ్లు అప్పటికి వేళ్ల మీద లెక్క. అదే చట్టం మారుమనువు ఉన్న కులాల ఆడమనిషి ముందు మాత్రం పొలమా, మొగుడా అన్న తూకం పెట్టింది. సంస్కరణ చరిత్ర రాసేవాళ్లు ఈ తీర్పును దాటేసి పోవడం విచిత్రం.

కలిగిన రైతు కుటుంబాలు ఇదే కాలంలో మారుమనువు మానేయడం మొదలుపెట్టాయి. పరువు పెరిగిందన్నదానికి మొదటి గుర్తు ఇంట్లో వితంతువు తిరిగి పెళ్లాడకపోవడమే అయింది. ఇంకోవైపు వితంతువుకు పాతకాలం నుంచీ ఆసరాగా ఉన్న రాట్నం మూలబడింది. పత్తి పండే ఈ సీమలో నూలు వడకడం అన్ని కులాల ఆడవాళ్లూ చేసిన పని. గడప దాటకుండా, ఎవరి చేతి కిందా ఉండకుండా నాలుగు కాసులు కళ్లచూడటానికి ముసలామెకూ వితంతువుకూ అంతకన్నా మంచి దారి లేదు. మాంచెస్టరు మిల్లు నూలు దిగాక ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మగ్గాలు కొన్నాళ్లు ఆ నూలుతోనే ఆడాయి గానీ వడికే చేతులకు పని పోయింది. చేనేత పతనం గురించి ఎంతో రాశారు. రాట్నం పోయిన వితంతువు కూలికి పోయిన సంగతి అందులో ఒక వాక్యానికి మించి కనబడదు.

కొడుకు లేని ఇంట్లో ఏం చేయాలన్నదానికి సీమ వెతుక్కున్న దారులు కూడా ఆడవాళ్ల ఒంటి మీదుగానే పోయాయి. రెడ్లలో ఇల్లరికం ఉంది. అల్లుణ్ని ఇంటికి తెచ్చుకుంటే అతనికి కొడుకుతో సమానంగా వాటా. తర్వాత సొంత కొడుకు పుట్టినా అల్లుడి వాటా పోదు. బళ్లారి, కర్నూలు రెడ్లలో ఉన్న ఈ ఆచారాన్ని 1880ల తొలినాళ్లలోనే మద్రాసు హైకోర్టు గుర్తించింది. ఇల్లరికపు కూతురు పుట్టింట్లోనే ఉంటుంది గనక అత్త పోరు తప్పేది. వాటా మాత్రం ఆమెది కాదు, అల్లుడిది.

బోయ, మాదిగ వంటి కులాల్లో ఇంకో దారి, బసివి. కొడుకు లేని తండ్రి కూతుర్ని దేవుడి పేర వదిలితే ఆమె పెళ్లి లేకుండా పుట్టింట్లోనే ఉండి, కొడుకులా ఆస్తి పొంది, తండ్రి వంశాన్ని తన పిల్లల ద్వారా నిలబెట్టాలి. మద్రాసు పోలీసు అధికారి ఫ్రెడ్ ఫాసెట్ 1892లో దీనిమీద వ్యాసం రాస్తూ, మగవాడి హక్కులు పొందిన ఆడవాళ్లని వర్ణించాడు. హక్కుల మాట నిజమే. ఆమె తలకొరివి పెట్టగలదు, వాటా అడగగలదు. అయితే ఆ హక్కులకు బదులుగా ఇచ్చింది ఏ మగవాడి మీదా హక్కు లేని తల్లితనం. పిల్లల తండ్రి బాధ్యత పడడు, తాత పేరు మాత్రం నిలుస్తుంది. ఇంట్లో ఆదుకునే పొలమున్న బసివి గౌరవంగా బతికింది. లేని ఆమె ఊరి కలవాళ్ల పాలయింది.

పిల్లలు కలగని ఆడదానికి ఈ ఏర్పాట్లేవీ లేవు. మొగుడు ఇంకొకర్ని తెచ్చుకుంటాడు, అంతే. గొడ్రాలి మొహం చూస్తే పని చెడుతుందన్న ఊరి మాట ఒకవైపు, మొక్కులు ఒకవైపు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను కింద ఈ రెండు చివరలూ ఒకచోట చేరాయి. 1434లో మొగుడి చితి మీద కాలిపోయిందని చెప్పే తిమ్మమ్మను పిల్లలు లేని దంపతులు సంతానం కోసం కొలుస్తారు. సతిని మద్రాసు సర్కారు 1830లో నిషేధించింది. సీమ పల్లెల్లో సతి అయినవాళ్ల పేర నిలిపిన మాస్తి రాళ్ల ముందు, పేరంటాళ్ల గుళ్ల ముందు పూజలు ఆగలేదు. బతికినప్పుడు అడుగుకో అడ్డు ఉన్న ఆడది చచ్చాక ఊరికి పిల్లలనిచ్చే తల్లి అయింది.

ఇక పురుడు. తొలి కాన్పు పుట్టింట్లో. తర్వాతివి ఎక్కడ పడితే అక్కడ, అంటే ఎక్కువగా అత్తింట్లో, ఒక్కోసారి చేను గట్టున. మంత్రసాని పని చాలా ఊళ్లలో మంగలి ఇంటి ఆడవాళ్లది. బిడ్డ అడ్డం తిరిగితే సర్దే నేర్పు, నొప్పులు ఎంత దూరంలో ఉన్నాయో చేత్తో చెప్పే అనుభవం వాళ్లలో చాలామందికి ఉంది. లేనిది చేతులు కడుక్కోవాలన్న ఎరుక. దానికి మంత్రసానిని ఒక్కదాన్నే తప్పుపట్టడం అన్యాయం. వియన్నా ఆసుపత్రిలో డాక్టర్లు శవాల్ని కోసిన చేతులతోనే కాన్పులు చేసి బాలింతల్ని చంపుతున్నారని 1847లో సెమ్మెల్‌వైస్ చెబితే తోటి డాక్టర్లే నమ్మలేదు. బాలింత జ్వరం ఐరోపాలో పెద్ద పెద్ద ఆసుపత్రుల జబ్బు కూడా. తేడా ఏమిటంటే 1870లు దాటాక అక్కడ చేతులు కడగడం మొదలైంది. ఇక్కడికి ఆ సంగతి చేరడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది.

పురిటిగది ఇంట్లో అన్నిటికన్నా చీకటి గది. మైల గనక పాత చాప, పాత గుడ్డలు. బొడ్డు కోయడానికి కొడవలో, పదునున్న ఇంకేదో. పసిబిడ్డకు వారం లోపు వచ్చే ధనుర్వాతానికి మూలం అక్కడే ఉన్నా దాన్ని బాలగ్రహం అన్నారు. బాలింతకు కుంపటి, వావిలాకు నీళ్ల స్నానం, మిరియాలూ శొంఠీ వెల్లుల్లీ బెల్లం కలిపిన కాయం. వీటిలో వేడి, కారం, కాస్త బెల్లం ఒంటికి మంచే చేశాయి. నీళ్లు తాగనివ్వకపోవడం చెడు చేసింది. ముర్రుపాలు పిండి పారబోయడం బిడ్డకు అంతకన్నా చెడు చేసింది. ఆచారమంతా మూఢమనడానికీ లేదు, అంతా విజ్ఞానమనడానికీ లేదు. మైల పేరుతో ఆ పదకొండు రోజులు పని నుంచి దొరికిన విడుపు చాలామంది ఆడవాళ్లకు జీవితంలో దొరికిన ఏకైక సెలవు. కూలిజనానికి అదీ లేదు. మూడోనాటికో, ఐదోనాటికో పసిబిడ్డను చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో వేసి కలుపుకు వంగాల్సిందే.

ఒంట్లో రక్తం లేకపోవడం అన్నిటికీ అడుగున ఉన్న జబ్బు. జొన్నసంగటి, ఊరిబిండి, ఎప్పుడన్నా పప్పు, పాలు పిల్లలకో మగవాళ్లకో పోగా మిగిలితే. నల్లమల అంచు ఊళ్లల్లో చలిజ్వరం ఏటా వచ్చే చుట్టం. కడుపుతో ఉన్నామెకు ఆ జ్వరం తగిలితే కడుపు పోవడమో, బిడ్డ నలుసులా పుట్టడమో, కాన్పులో కాస్త రక్తం పోయినా ఆమె కోలుకోలేకపోవడమో జరుగుతుంది. ఒక బిడ్డ పాలు మరవకముందే ఇంకో నెల తప్పడం, పదిమందిని కని నలుగుర్ని మిగుల్చుకోవడం ముసలమ్మలు మామూలుగా చెప్పుకునే లెక్క. బిడ్డలు నిలవని తల్లి తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీదో, ఎంగిలి విస్తళ్ల మీదో పొర్లించి పెంటయ్య, కుప్పమ్మ, పుల్లయ్య అని పేరు పెట్టేది. చావు చూపు పడనంత హీనంగా కనబడితే బతుకుతుందని. సీమలో ఈ పేర్లు ఎంత విరివిగా ఉండేవో చూస్తే ఎంతమంది తల్లులు అంతకుముందు బిడ్డల్ని పూడ్చిపెట్టారో ఊహించవచ్చు.

ఊహించాల్సి రావడానికి కారణం ఉంది. ఊళ్లో చావులు రాసే పుస్తకంలో గడులు ఇవి: కలరా, మశూచి, జ్వరాలు, కడుపు జబ్బులు, గాయాలు, ఇతరాలు. కాన్పులో పోయిన ఆడమనిషికి అందులో గడి లేదు. ఏడో రోజు బాలింత జ్వరంతో పోతే జ్వరాల్లో పడుతుంది. రక్తం పోయి చస్తే ఇతరాల్లో పడుతుంది. పాముకాటుకు ఎంతమంది పోయారో మద్రాసు సర్కారు ఏటా లెక్క చెప్పగలిగింది. బిడ్డను కంటూ ఎంతమంది పోయారో చెప్పలేకపోయింది. చట్టం పురుడును చూసింది ఒక్కచోటే, నేరం అయినప్పుడు. శిక్షాస్మృతిలో 312 నుంచి 318 దాకా సెక్షన్లు గర్భం తీయించుకోవడం, పసిబిడ్డను వదిలేయడం, పుట్టిన బిడ్డ శవాన్ని దాచడం గురించి చెప్పేవి. బావిలో పసికందు శవం తేలితే ముందు అనుమానం పడేది ఊళ్లోని వితంతువు మీద. ఆ గర్భానికి కారణమైన మగవాడు ఆ సెక్షన్లలో ఎక్కడో గాని తగిలేవాడు కాదు.

ఆసుపత్రుల సంగతి తొందరగానే చెప్పుకోవచ్చు, ఎందుకంటే చెప్పడానికి పెద్దగా లేదు. మద్రాసులో ప్రసూతి ఆసుపత్రి 1844 నుంచి ఉంది. మద్రాసు వైద్య కళాశాల 1875లో ఆడవాళ్లను చేర్చుకుంది. ఆడవాళ్ల వైద్యం కోసం లేడీ డఫ్రిన్ నిధి 1885లో మొదలైంది. మద్రాసు నుంచి రాయచూరుకు 1871 కల్లా కలిసిన రైలు కడప, తాడిపత్రి, గుత్తి మీదుగానే పోయేది. కానీ నొప్పులు పడుతున్నామెను రైలెక్కించేవాళ్లు లేరు. 1890ల్లో జమ్మలమడుగులో లండన్ మిషన్ డాక్టరు క్యాంప్‌బెల్ వైద్యం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎద్దులబండ్లలో రోగులు రావడం మొదలైంది. కాన్పు కేసు బండెక్కేదంటే మంత్రసాని చేతులెత్తేసి రెండు రోజులు గడిచాకే.

సీమలో పెళ్లికీ పురుడుకీ అసలు పరీక్ష కరువు. 1866లో వచ్చింది. అప్పుడు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి నెలల తరబడి అన్నదానం చేసి జనం పాటల్లో నిలిచిపోయాడు. పదేళ్లకు 1876లో రెండు వానలూ ఎగ్గొట్టి ధాత కరువు దిగింది. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో 35 లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. 1877 జనవరిలో భారత సర్కారు ప్రతినిధిగా రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల కూలి కోశాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను, అంటే అరకిలో లోపు, ధాన్యం ఖరీదూ ఒక అణా. ఆడమనిషికి అంతకన్నా తక్కువ. పిల్లలకు ఇంకా తక్కువ. అంత తిండితో మట్టి మోస్తే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదురు తిరిగాడు. మే నెలలో కూలి కొంత పెంచారు. ఆ నాలుగు నెలల్లో జరగాల్సింది జరిగింది.

టెంపుల్, కార్నిష్ వాదన పౌన్ల చుట్టూ, పని చేసే ఒంటికి ఎంత కావాలన్నదాని చుట్టూ తిరిగింది. చంటిబిడ్డకు పాలిస్తున్న ఆడమనిషికి మగవాడికన్నా తక్కువ కూలి ఏ లెక్కన సరిపోతుంది? ఆమె ఒంట్లోంచి ఇంకో ప్రాణం తింటోంది. కరువు పనుల్లో రాళ్లు కొట్టిన, మట్టి తట్టలు మోసిన వాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ పెద్ద భాగం. కడుపుతో ఉన్నమ్మ కనక మానదు, వండినమ్మ తినక మానదు అంటారు. ఈ సామెతలో రెండో సగం కరువులో చెల్లలేదు. వండినామె అందరికీ పెట్టి, కుండ అడుగు గీకి, నీళ్లు తాగి పడుకుంది. మొదటి సగం కూడా పూర్తిగా చెల్లలేదు. తిండి లేని ఒంట్లో ముట్టు ఆగిపోతుంది, నిలిచిన కడుపులు జారిపోతాయి. కరువు ముదిరాక పుట్టుకలు బాగా పడిపోవడం ఆనాటి లెక్కల్లో కూడా కనబడుతుంది.

ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకోటుంది. మన దేశపు కరువుల మీద జనాభా పండితులు చేసిన లెక్కల్లో ఆడవాళ్లకన్నా మగవాళ్లే ఎక్కువగా చనిపోయినట్టు తేలింది. ఆడ ఒంటికి ఆకలిని కొంత ఎక్కువ తట్టుకునే గుణం ఉండటం దీనికి ఒక కారణం. ఇది ఆడవాళ్లకు దక్కిన అదృష్టంగా కనబడవచ్చు. 1878 తర్వాత ఒక పల్లెలో నిలబడి చూస్తే దానర్థం వేరు. మొగుడు పోయి, ఎద్దులు పోయి, పుట్టింట్లో తండ్రీ పోయి, ఇద్దరు చిన్నపిల్లలతో మిగిలిన ఆడవాళ్లు. ఈ వితంతువుల్లో ఎక్కువమందికి తల గొరిగించుకునే ఆచారం లేదు. మారుమనువుకు కులం ఒప్పుకుంటుంది. చేసుకోవడానికి మగవాడే కరువయ్యాడు, పిల్లల తల్లిని ఏలుకునే స్తోమత ఉన్నవాడు అంతకన్నా కరువు. సీమలో వైధవ్యానికి పెద్ద కారణం శాస్త్రం కన్నా వాన అనడం అందుకే.

ఆ కరువు తర్వాత వేసిన కమిషన్ సిఫారసుల మీద 1883లో కరువు నియమావళి తయారైంది. పని చేయకుండానే ఎవరికి తిండి పెట్టాలో అందులో చెప్పారు. ముసలివాళ్లు, గుడ్డివాళ్లు, అవిటివాళ్లు, గోషా ఆడవాళ్లు. వాళ్లతో పాటు, ఇంట్లో రోగుల దగ్గరో పసిపిల్లల దగ్గరో తప్పక ఉండాల్సినవాళ్లు. బిడ్డను చూసుకోవడం కూడా ఒక పనేనని, ఆ పని చేస్తున్న మనిషిని రాళ్లు కొట్టడానికి రమ్మనకూడదని సర్కారు కాగితం మీద ఒప్పుకోవడం ఈ సీమ మటుకు పెళ్లి చట్టాలన్నిటికన్నా ఎక్కువమంది తల్లులకు పనికొచ్చిన మాట. సంస్కర్తలు దాన్ని పండగ చేసుకోలేదు. రాసినవాళ్లకు కూడా అది తల్లుల గురించిన వాక్యమని తోచి ఉండదు, ఖర్చుల గురించిన వాక్యం.

1891 మార్చిలో కాపురం వయసు చట్టం మీద మద్రాసు పత్రికలన్నీ రెండుగా చీలి కొట్టుకున్నాయి. అదే ఏడు వానలు మళ్లీ ముఖం చాటేశాయి. 1892 నాటికి కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో కరువు పనులు తెరిచారు. తట్టలు, గునపాలు, కంకర గుట్టలు, పనిదగ్గర చెట్లకు చీర ఉయ్యాలలు.